మిగ్ మీద శుభలేఖ

మా బావగారు ఒడిశాలో, సునాబెడలోని విమాన ఇంజన్ల కర్మాగారంలో పనిచేసి, ఉద్యోగ విరమణ తరువాత బరంపురంలో స్థిరపడ్డారు. మిగ్-21 యుద్ధవిమానాన్ని మన దేశంలో తయారుచేసిన రోజుల్లో ఆ పనిని మూడు చోట్లకు పంచారు. విమాన శరీరం నాసిక్‌లో, ఎలక్ట్రానిక్ పరికరాలు హైదరాబాదులో, ఇంజను కోరాపుట్ జిల్లా సునాబెడలో తయారయ్యేవి. అందువల్ల ఆ విమానం కడుపులో ఏముందో బావగారికి కంఠతా వచ్చు గాని, పైన రేకు ఎలా తొడుగుతారన్నది మాత్రం ఆయనకు నాసిక్ వారి విద్యగానే మిగిలిపోయింది. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వాయుసేన ఆ విమానానికి వీడ్కోలు పలుకుతుంటే, టీవీ ముందు కూర్చొని కన్నార్పకుండా చూసి, చివర కళ్లద్దాలు తుడుచుకొని, "ఇంజను ఎలాగూ చేశాం, ఆ మిగతాది కూడా నేనే చేసి చూపిస్తాను" అన్నారు. దుఃఖంలో ఉన్న మనిషి మాటను పట్టించుకోకూడదని మా అక్క ఊరుకుంది. ఆ ఊరుకోవడమే అంగీకారమైంది.

అసలు విమానం రెక్కల వెడల్పు 7.15 మీటర్లు, ముక్కు ముందుకు పొడుచుకొచ్చే సూదిగొట్టంతో కలిపితే పొడవు 15 మీటర్లకు పైమాటే. దాన్ని అయిదో వంతు కొలతలో, బజారులో దొరికే కిట్టు ఏదీ కొనకుండా, నక్షాలు ముందు పెట్టుకొని మొదటి ముక్క నుంచి తానే కోసి కట్టాలని బావగారు నిశ్చయించారు. అంటే మూడు మీటర్ల పైచిలుకు విమానం. పదో వంతు చేస్తే ఇల్లు ఇల్లుగా ఉంటుంది గదా అని అక్క మెల్లగా అడిగితే, పదో వంతులో రేకులను బిగించే రివెట్లు కనబడవని సమాధానమిచ్చారు. దివాను పెరట్లోకి వెళ్లింది, టీవీ పడకగదిలోకి వెళ్లింది, హాలు నాసిక్ అయింది.

ప్లైవుడ్ వలయాలు కోసి నిలబెట్టడం, వాటిని సన్నని కర్రలతో కలపడం, పైన తేలికైన బాల్సా చెక్క పరచి గాజుబట్ట వేసి ఎపాక్సీ జిగురు పూయడం వరకు చెప్పుకోదగ్గ ఉపద్రవమేమీ జరగలేదు. అసలు కథ రేకు దగ్గర మొదలైంది. 1960లలో మన వాయుసేనకు వచ్చిన తొలి మిగ్‌లు రంగు పూత లేకుండా వెండిలా మెరిసేవి. బావగారికి కావలసింది ఆ మెరుపే. రంగు వేసే పక్షంలో కింద ఎన్ని అతుకులున్నా పుట్టీ పెట్టి కప్పిపుచ్చవచ్చు. రంగు లేని లోహం దేన్నీ దాచదు. చూసేవాడికి ఒక్కొక్క పలక, దాని అంచు, అంచు వెంట నడిచే రివెట్ల వరుస స్పష్టంగా కనబడాలి. ఆ పలకలు కాగితంలా వంగేటంత పలుచగా ఉండాలి. పంచపట్‌మాలి కొండలో బాక్సైటు తవ్వి, దమన్‌జోడిలో అల్యూమినాగా మార్చే రాష్ట్రంలో ఉండి కూడా, పావు మిల్లీమీటరు అల్యూమినియం రేకు కోసం ఆయన బరంపురం బజారంతా గాలించి ఒట్టి చేతులతో తిరిగివచ్చారు.

దారి చూపింది ఆఫ్‌సెట్ ముద్రణ. ఆ యంత్రాల్లో వాడే పలకలు సరిగ్గా ఆ మందంలో ఉండే అల్యూమినియం రేకులే. పని అయిపోయిన పలకలను ముద్రణాలయాల వారు తూకానికి అమ్మేస్తారు. లోహపు తొడుగుతో నమూనా విమానాలు కట్టేవారు దేశదేశాల్లో ఇదే ఉపాయం పాటిస్తారట. బావగారు ఒక ముద్రణాలయం నుంచి వాడేసిన పలకల కట్ట రిక్షాలో వేయించుకొచ్చారు. ఒకవైపు అక్షరాలుంటాయి, రెండోవైపు నున్నని లోహం ఉంటుంది. అక్షరాల వైపు జిగురు రాసి లోపలికి తిప్పి అంటిస్తే లోకానికి లోహమే కనిపిస్తుంది. విమానం ఎడమ రెక్క కింద ఎవరి ఎన్నికల కరపత్రం ఉందో, తోక లోపల ఏ కోచింగ్ సెంటరు ర్యాంకులున్నాయో బావగారికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

అయితే వంపు ఉన్నచోట రేకు మొండికేస్తుంది. దాన్ని లొంగదీయాలంటే వేడిచేసి మెత్తబరచాలి. ఇనుములా అల్యూమినియం ఎర్రబడి హెచ్చరించదు. ఉన్నట్టుండి 660 డిగ్రీల దగ్గర కరిగి చేతికి రాకుండా పోతుంది. అందుకని ముందుగా రేకుకు సబ్బు రుద్ది, మంట మీద కదుపుతూ, సబ్బు నల్లబడగానే ఆపెయ్యాలి. ఈ శాస్త్రం మా అక్క వంటింటి పొయ్యి మీద, మా అక్క స్నానపు సబ్బుతో జరిగింది. చందనపు వాసనకు కమురు వాసన తోడై సాంబారులోకి చేరిన రోజున అక్క బట్టల సబ్బు ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టి, "మీ విమానానికి ఇది చాలు" అంది. రివెట్ల గుర్తులకు దర్జీలు బట్ట మీదికి గీతలు దించే పళ్లచక్రం అరువు తెచ్చారు. ఇక విమానం ముక్కు దగ్గర గాలి లోపలికి వెళ్లే గుండ్రని నోరుంటుంది; దాని అంచు రెండు దిక్కులా వంగే ఉంగరం. ఎన్ని రేకులు మెత్తబరచి సాగదీసినా అది ఏదో ఒక మూల చిట్లేది. బెల్లగుంఠ ఊళ్లో చేసే ఇత్తడి చేపను బల్ల మీద పెట్టుకొని, అన్ని పొలుసులు పేర్చి ఒంపులు తిప్పిన ఆ కంచరి చేతిని తలచుకొని ఆయన నిట్టూర్చేవారు. ముక్కు అలాగే బోసిగా ఉండిపోయింది.

పలకలు అంటించే రబ్బరు జిగురు స్వభావం కూడా చెప్పాలి. దాన్ని రెండు ముఖాలకూ రాసి, తడి ఆరేదాకా ఆగి, అప్పుడు తాకించాలి. తాకిందంటే ఇక అంతే సంగతులు. జరపడానికి, సవరించడానికి, సంప్రదింపులకు అవకాశం లేదు. పైలటు గది వెనక ఎడమ పక్కన వచ్చే పెద్ద పలకను బావగారు సబ్బు మసితో రెండు వైపులా నల్లబడిన స్థితిలోనే ఎత్తి, గ్యాసు సిలిండరు కుర్రవాడు గేటు దగ్గర ఓటీపీ చెప్పమని అరుస్తుండగా, చేతికి అందిన వైపు జిగురు రాసి ఆరబెట్టారు. ఆరాక అంటించారు. కర్రముక్కతో రుద్ది, పళ్లచక్రంతో రివెట్లు దించి, తడిబట్టతో మసి తుడిచారు. మసి వెనుక నుంచి మొదట వినాయకుడు వచ్చాడు, ఆ వెనుక శ్రీరస్తు, శుభమస్తు, అవిఘ్నమస్తు అన్న మాటలు వచ్చాయి.

అది పెళ్లి శుభలేఖ. ఒకే పలక మీద నాలుగు ప్రతులు వచ్చేలా అమర్చినది కావడంతో నాలుగు వినాయకులు, నాలుగు జతల వధూవరులు. పాత అచ్చుపని అయితే అక్షరాలు తిరగబడి ఉండేవి, ఎవరికీ అంత తేలికగా చదవరాకపోయేది. ఆఫ్‌సెట్‌లో పలక నుంచి రబ్బరు దుప్పటికి, దాని నుంచి కాగితానికి ముద్ర దిగుతుంది గనుక పలక మీద అక్షరాలు సూటిగానే ఉంటాయి. థిన్నరుతో తుడిస్తే పోవలసిన అక్షరాలు పోలేదు. ఎక్కువ ప్రతులు వేయాల్సి వచ్చినప్పుడు ముద్రణాలయం వారే పలకను కాల్చి అక్షరాలను గట్టిపరుస్తారు. ఆ ఉపకారం బావగారు పొయ్యి మీద ముందే చేసి ఉన్నారు. పైగా థిన్నరు అంచులోంచి దూరి జిగురును కరిగించడం మొదలుపెట్టింది. గరుకు కాగితంతో రుద్దుదామంటే రివెట్లు పోతాయి.

ఈ దశలో కాఫీ తెచ్చిన అక్క నిలబడి శుభలేఖ మొత్తం చదివింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. "ఏవండీ, ఇది మీ మేనత్తగారి అబ్బాయి వాళ్ల పిల్ల పెళ్లి కాదూ? ముహూర్తం ఇంకా వారం కూడా లేదు. ఊరంతా పంచుకున్నారు, విమానానికి నాలుగు ఇచ్చారు, మన ఇంటికి మాత్రం ఒక్కటీ రాలేదు" అంది. బావగారు రివెట్ల గురించి ఏదో చెప్పబోయారు. నాసిక్‌లో ఆ రోజు వంట జరగలేదు.

మర్నాడు పలకను ఊడబీకడానికి బావగారు కత్తి తీస్తే, ముహూర్తం కాకముందే శుభలేఖ చింపడం అశుభమని అక్క అడ్డుపడింది; అడ్డుపడడమే గాక, మనకు పిలుపు లేకపోయినా పిల్ల ఏం పాపం చేసిందంటూ పలక నాలుగు మూలలకూ పసుపు పెట్టింది. ప్రపంచంలో పసుపు పెట్టించుకున్న యుద్ధవిమానం అదొక్కటే అయి ఉంటుందని నేను అనుకోవడం లేదు, మన దేశంలో కొత్త వాహనం దేనికైనా ఆ మర్యాద జరుగుతుంది; కాని ఎడమ పక్కన మాత్రమే పెట్టించుకున్నది ఇదొక్కటే.

ఆ సాయంత్రమే కన్యాదాత దంపతులు కుంకుమ భరిణెతో గుమ్మంలోకి వచ్చారు. దగ్గరివాళ్లను చివరన, తీరిగ్గా కూర్చొని పిలుద్దామని ఆగారట. కప్పడానికి దుప్పటి వెతికేలోపే ఆయన విమానాన్ని చూశారు. దగ్గరకు వెళ్లి, తన పేరు నాలుగుసార్లు చదువుకొని, కాసేపు మాట రాక నిలబడి, "బావా, మా పిల్ల పెళ్లికి ఇంత పని పెట్టుకున్నావా!" అని బావగారిని గట్టిగా కౌగిలించుకున్నారు. విమానం పక్కన నిలబడి ఫొటో తీయించుకున్నారు. పందిట్లో పెట్టడానికి తీసుకురావచ్చునా అని కూడా అడిగారు. ముక్కు ఇంకా పూర్తి కాలేదని బావగారు నిజమే చెప్పారు. అక్క పరమానందంతో బొట్టు పెట్టించుకొని, వారిచ్చిన శుభలేఖను కవరు విప్పకుండానే దేవుడి గూట్లో పెట్టింది. నాలుగుసార్లు చదివినదాన్ని అయిదోసారి చదవవలసిన అవసరం ఆమెకు కనిపించలేదు. కన్యాదాతగారి భార్య వెళ్తూ వెళ్తూ నన్ను కూడా పెళ్లికి రమ్మన్నారు.

పెళ్లి ఛత్రపురంలో. విమానం మీద ఉదయం గం. 9.45 అని ఉంది గనుక మేము తొమ్మిది కాకముందే పట్టుబట్టలతో మండపం చేరాము. అక్కడ అరటిచెట్లు ఇంకా రిక్షాలోనే ఉన్నాయి. నిచ్చెన మీద పూలదండలు కడుతున్న కుర్రవాడు ముహూర్తం రాత్రికని ఒడియాలో చెప్పాడు. అక్క నమ్మక తెలుగులో మళ్లీ అడిగితే తెలుగులోనూ రాత్రికే అన్నాడు. లుంగీతో ఉన్న కన్యాదాత పరుగున వచ్చి విషయం విని, తనలో తనకే గర్వం కలిగిన స్వరంతో, మొదటి ప్రూఫులో రాత్రికి బదులు ఉదయమని పడితే తానే పట్టుకొని, ఆ పలకను పక్కన పారేయించి కొత్తది చేయించానని చెప్పారు. ఆ పారేసిన పలక ముందు నిలబడి ఫొటో దిగినప్పుడు ఆ తప్పు ఆయన కంటికి ఎందుకు ఆనలేదని నేను అడగలేదు. అప్పుడు ఆయన చదువుకున్నది తన పేరు మాత్రమే.

ఇంటికి వెళ్లి సాయంత్రం రావచ్చునని నేనంటే, పెళ్లి గుమ్మం తొక్కి వెనుదిరగడం కూడదని అక్క కుర్చీలో కూర్చుంది. బావగారు కనిపించలేదు. వెతగ్గా వెతగ్గా పెరట్లో గాడిపొయ్యి దగ్గర, వంటాయన తాలింపు పెట్టుకునే అల్యూమినియం గిన్నె ముందు వంగి ఉన్నారు. జానెడు వెడల్పున్న ఆ గిన్నె అంచు ఎక్కడా చిట్లకుండా రెండు దిక్కులా గుండ్రంగా తిరిగి ఉంది. జేబులోంచి టేపు తీసి కొలిచి, అంచును వేలితో చుట్టూ తడిమి, వెల ఎంతో చెప్పమని వంటాయనను బతిమాలుతున్నారు. ముందు ఉప్మా తాలింపు కానివ్వమని, ఆ తరువాత మాట్లాడుకుందామని వంటాయన గిన్నె లాక్కున్నాడు; బావగారు పొయ్యి పక్కనే ప్లాస్టిక్ కుర్చీ ఒకటి వేయించుకొని, పట్టుపంచె మోకాళ్ల దాకా ఎగగట్టి, ఆవాలు చిటపటలాడడం కోసం ఎదురుచూస్తూ కూర్చున్నారు.