పసిపిల్లలతో అయితే ఒక్క దీవి చాలు

హవాయి వెళ్లేవాళ్ల ప్లాన్లు చాలావరకు ఒకేలా ఉంటాయి. మూడు రోజులు ఒవాహు దీవి, మూడు రోజులు మావి దీవి, వీలైతే బిగ్ ఐలాండ్. "ఇంత దూరం వెళ్తున్నాం, మళ్లీ ఎప్పటికో" అన్నదే దాని వెనక లెక్క. పెద్దవాళ్లే వెళ్తుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఐదేళ్లలోపు పిల్లలు వెంట ఉన్నప్పుడు మాత్రం ఒక్క దీవి, ఒక్క గది, నడిచి వెళ్లగలిగే ఒక్క బీచ్ చాలంటాను.

ఒవాహు నుంచి మావికి గాల్లో ఉండేది గంటలోపే. కానీ గది ఖాళీ చేసి, తడి బట్టలు మూటగట్టి, అద్దె కారు అప్పగించి, పిల్లల కార్ సీటు ఊడదీసి, అటు దిగాక మళ్లీ బిగించి, కొత్త గది తాళం చేతికొచ్చేసరికి ఒక రోజు హరీమంటుంది. పిల్లలకు మధ్యాహ్నం కునుకు తప్పిందంటే ఆ సాయంత్రం ఎవరికీ సుఖం ఉండదు.

పైగా జెట్‌లాగ్. ఉదాహరణకు, న్యూయార్క్ నుంచి వెళ్లేవాళ్లకు వేసవిలో హవాయి 6 గంటలు వెనక ఉంటుంది. ఇంట్లో ఉదయం 7 గంటలకు లేచే పిల్లకు అక్కడ మొదటి రాత్రి ఒంటిగంటకే తెల్లారిపోతుంది! తిండి, నిద్ర కాస్త గాడిన పడటానికి రెండు మూడు రోజులు పడుతుంది. సరిగ్గా అప్పుడే మనం పెట్టెలు సర్దుతాం.

అదే ఒక్కచోట ఉంటే ఈ జెట్‌లాగే పనికొస్తుంది. పిల్లలు ఎలాగూ పెందలాడే లేస్తారు కాబట్టి 7 గంటలకల్లా ఇసుకలో ఉండొచ్చు. అప్పటికి ఎండ లేతగా ఉంటుంది. గాలి జోరు కూడా ఎక్కువగా మధ్యాహ్నమే. 10 దాటాక గదికి వచ్చేసి స్నానం, భోజనం, నిద్ర. మళ్లీ 4 తర్వాత నీళ్లు. దీవిలో ఇంకేం చూడకపోయినా పిల్లలేమీ అడగరు. బకెట్టు, పార ఉంటే వాళ్లకు చాలు.

అందుకే హోటల్ కన్నా ముందు బీచ్‌ను ఎంచుకోవాలి. ఒవాహులో కో ఒలీనా దగ్గర మనుషులు కట్టిన నాలుగు లగూన్లు, అంటే అలల జోరు లేని సముద్రపు మడుగులు ఉన్నాయి. కవాయి దీవిలో లిడ్‌గేట్ పార్కు దగ్గర రాళ్ల గోడ అలల జోరును ఆపుతుంది. ఫొటోల్లో ఇంతకన్నా అందంగా కనిపించే బీచ్‌లు బోలెడు. కానీ ఒవాహు ఉత్తర తీరంలో వేసవిలో ప్రశాంతంగా ఉన్న నీళ్లే చలికాలంలో ఇంటి ఎత్తు అలలవుతాయి. వెళ్లే నెలలో అక్కడి సముద్రం ఎలా ఉంటుందో ముందే కనుక్కోవాలి. నీరు ఎంత నిలకడగా కనిపించినా పెద్దవాళ్లు ఒకరు చేయి అందేంత దూరంలో ఉండాల్సిందే.

ఎండ సంగతి కూడా. ఆరు నెలలలోపు పాపాయిని నేరుగా ఎండలో ఉంచకూడదంటారు పిల్లల డాక్టర్లు. నీడ, టోపీ, పొడుగు చేతుల చొక్కా కావాలి. కాస్త పెద్ద పిల్లలకు సన్‌స్క్రీన్ రెండు గంటలకోసారి, నీళ్లలోంచి వచ్చిన ప్రతిసారీ రాయాలి. పగడపు దిబ్బలకు హాని చేస్తాయని ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ అనే రసాయనాలు ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని హవాయి 2021 నుంచి ఆపేసింది. జింక్ ఆక్సైడ్‌ది ఇంటి నుంచే తీసుకెళ్తే సరి.

మావిలో హానా రోడ్డుకు 600కు పైగా మలుపులు. వెనక సీట్లో వాంతులు చేసుకునే పిల్లవాడికి అక్కడి జలపాతం ఏం కనిపిస్తుంది? హలేయకలా కొండ 10,023 అడుగుల ఎత్తు, సూర్యోదయానికి పైన గడ్డకట్టే చలి. ఇవి పిల్లలు పదేళ్ల వాళ్లయ్యాక చూడొచ్చు, కొండ ఎక్కడికీ పోదు.

డబ్బు కాస్త ఎక్కువ పెట్టదలిస్తే పడకగది విడిగా ఉన్న బస మీద పెట్టండి. లేకపోతే రాత్రి 7 గంటలకు పిల్లలు పడుకున్నాక అమ్మానాన్నలు లైటు ఆర్పేసి, చీకట్లో ఫోన్లు చూసుకుంటూ కూర్చోవాలి. విడి గదీ, చిన్న బాల్కనీ ఉంటే ఆ రాత్రి వేళ వాళ్లది. ఆ అదనపు ఖర్చు ఎక్కడి నుంచి తేవాలంటారా? మానేసిన రెండో దీవి టికెట్ల డబ్బు ఉందిగా!