14.074లో కుక్కర్ కూత

పర్లాకిమిడిలో ఓ మాష్టారు రిటైరయ్యాక హ్యామ్ లైసెన్సు, అంటే సరదాకి సొంత రేడియో స్టేషన్ నడుపుకునే అనుమతి, సంపాదించారు. రేడియో కొన్నారు, డాబా మీంచి కొబ్బరిచెట్టుకి డైపోల్ యాంటెనా తీగ లాగారు, ల్యాప్‌టాప్‌లో డబ్ల్యూఎస్‌జేటీ-ఎక్స్ అనే సాఫ్ట్‌వేర్ వేసుకున్నారు. ఎఫ్‌టీ8 అంటే నోటితో కాకుండా కంప్యూటర్ కీచు శబ్దాలతో చిన్న చిన్న సందేశాలు పంపుకునే పద్ధతి. 20 మీటర్ల బ్యాండులో ఆ జనమంతా చేరేది 14.074 మెగాహెర్ట్జ్ దగ్గర. బ్యాండు తెరుచుకున్న పూట, అంటే సిగ్నల్స్ దూరాలకి చేరే పూట, అక్కడ ఇసకేస్తే రాలదు. మాష్టారికి మాత్రం ఒక్క మనిషీ దొరకలేదు.

ముందు చెయ్యి మోసం చేసింది. ఏళ్ల తరబడి ఆకాశవాణి కోసం నాబ్ తిప్పిన చెయ్యి మరి! ఇక్కడ తిప్పకూడదు. రేడియోని అప్పర్ సైడ్‌బ్యాండ్ మోడ్‌లో పెట్టి డయల్‌ని 14.074 మీద వదిలెయ్యాలి. ఆ పైనున్న మూడు కిలోహెర్ట్జ్‌ల్లోనే ఒక్కొక్కరూ 50 హెర్ట్జ్ చోటులో సర్దుకుని ఉంటారు. సాఫ్ట్‌వేర్ అందరినీ ఒకేసారి చదివేస్తుంది.

"ఆ కీచు గోల కాస్త ఆపుదురూ!" అని మాష్టారి భార్య అంటే స్పీకర్ పూర్తిగా తగ్గించేశారు. అయినా వాటర్‌ఫాల్ మీద, అంటే సిగ్నల్స్‌ని చారలుగా చూపించే తెర మీద, చార వచ్చింది. చక్కటి, దట్టమైన పసుప్పచ్చ చార! "ఎవడో గట్టి స్టేషనే!" అని మురిసిపోయారు. కాసేపాగి ఇంకోటి. మూడోది వచ్చాక ఆవిడ లేచెళ్లి స్టవ్ కట్టేశారు. స్టేషనూ కట్టేసింది.

అంటే ల్యాప్‌టాప్ రేడియోని వినడం మానేసి తన సొంత మైకుతో వంటింటిని వింటోంది. విండోస్ అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి ఇలా జరుగుతుంది. సెట్టింగ్స్‌లో ఆడియో ఇన్‌పుట్ దగ్గర మళ్లీ రేడియో శబ్దాన్ని తెచ్చే యూఎస్‌బీ ఆడియో కోడెక్ ఎంచుకోవాలి. స్టేషన్లు లేనప్పుడు వచ్చే వట్టి రొదకి ఎడమవైపు పచ్చగీత 30 డెసిబెల్స్ దగ్గర నిలిస్తే చాలు.

ఇప్పుడు అసలు చారలొచ్చాయి, అదీ పదుల్లో. డీకోడ్ అయినవి, అంటే అక్షరాలుగా మారినవి, సున్నా.

ఎఫ్‌టీ8లో అందరూ 15 సెకన్ల వంతులు పాటిస్తారు. పంపేది 12.64 సెకన్లు, మిగతాది ఊపిరి పీల్చుకోడానికి. గడియారం రెండు మూడు సెకన్లు తప్పిందంటే చార కనిపిస్తుంది, అక్షరం పుట్టదు. మాష్టారు ఇంటర్నెట్ లేని ల్యాప్‌టాప్‌కి గోడ గడియారం చూసి టైము పెట్టారు. ఆ గడియారాన్ని, బస్సు తప్పిపోకుండా, ఆవిడ అయిదు నిమిషాలు ముందుకి తిప్పి ఉంచారు. తమాషా ఏమిటంటే కచ్చితంగా అయిదు నిమిషాలే అయితే డీకోడ్ అయ్యేది, 15 సెకన్ల లెక్కలో అది ఇమిడిపోతుంది, లాగ్‌లో టైమొక్కటే తప్పు పడేది. కొంప ముంచింది పైనున్న మూడు సెకన్లు. ఫోన్ హాట్‌స్పాట్ కలిపి టైము సింక్ చేసేసరికి తెర నిండా జనం: జపాన్, ఇండోనేషియా, రష్యా!

ఆనందం పట్టలేక వెంటనే సీక్యూ, అంటే 'ఎవరైనా ఉన్నారా' అనే పిలుపు, నొక్కారు. అలా నొక్కకూడదు. మనం పంపే వంతులో ఇంకెవరు పంపుతున్నా మనకి వినపడరు కాబట్టి, ముందు మన వంతూ ఎదుటివాళ్ల వంతూ రెండూ విని, రెంటిలోనూ ఖాళీగా ఉన్న సందు వెతుక్కుని, మనం పంపే చోటు కదలకుండా హోల్డ్ టీఎక్స్ ఫ్రీక్ దగ్గర టిక్ పెట్టుకోవాలి. లేదంటే మనం అరిచేది ఎవరి నెత్తిమీదో! పవర్ కూడా 100 వాట్ల సెట్టుకి ముప్ఫై చాలు, ఫుల్ పవర్‌తో వంతుకి 12 సెకన్లు ఆపకుండా పంపితే ఫైనల్స్, అంటే పవర్ బయటికి పంపే ట్రాన్సిస్టర్లు, కాలిపోవచ్చు.

సందు మార్చాక ఓ జపాన్ స్టేషన్ పలికింది. కాల్‌సైన్లు (స్టేషన్ల పేర్లు), గ్రిడ్‌లు (మ్యాపులో ఊరుండే గడి, మాష్టారిది ఎన్‌కే28), రిపోర్టు (సిగ్నల్ ఎంత గట్టిగా వినపడిందో డెసిబెల్స్‌లో), ఆర్ఆర్73 (అందింది, సెలవు), అంతా నిమిషన్నరలో అయిపోయింది. మాష్టారు కుర్చీలోంచి లేచి కేకేస్తే, ఆవిడ చెయ్యి తుడుచుకుంటూ వచ్చారు.

"జపానే! ఏటన్నాడండీ?"

"మైనస్ పదిహేడు అన్నాడు."

"ఊరూ పేరూ అడగలేదేటి?"

"గ్రిడ్ ఇచ్చాడుగా."

ఆవిడ కాసేపు తెరకేసి చూసి, "దీనికేనా పొద్దుట్నించీ టిఫిన్ తినలేదు?" అని లోపలికెళ్లిపోయారు.