ఫ్యాన్ వేస్తే ఒక బాధ, ఆపితే ఒక బాధ
సాఫ్ట్ పాస్టెల్స్‌తో, అదే సుద్దముక్కల్లాంటి రంగు కడ్డీలతో, బొమ్మలు వేసేవాళ్ల కష్టం పగవాడికి కూడా వద్దు. ఈ ఎండల్లో ఫ్యాన్ వేస్తే పొడి ఇల్లంతా, ఆపితే చెమట చుక్క టప్‌మని కాగితం మీద. రంగు పొడిని పట్టి ఉంచేది చిటికెడు జిగురేనాయె, అతుక్కోమంటే ఎలా అతుక్కుంటుంది?

నిన్న మూడు గంటలు కూర్చుని మందారం వేశాను. రేకుల అంచున తెల్లటి మెరుపు భలే కుదిరింది (నాకే దిష్టి తగిలినట్టుంది). చెరిగిపోతుందేమోనని ఫిక్సెటివ్ (పొడి రాలకుండా పట్టి ఉంచే స్ప్రే) కొట్టాను. అంతే, ఆ తెలుపు కాస్తా మాయం, ఎరుపేమో మాడిన మిరపకాయలా నల్లబడింది. కొట్టకపోతే మా పిల్లి తోక ఊపిందంటే సగం పువ్వు దాని ఒంటి మీదే!

అద్దం ఫ్రేమ్ కట్టించుకోవచ్చుగా అంటారు. పోయినసారి కట్టించాను, బొమ్మకీ అద్దానికీ మధ్య ఖాళీ వదలమని రెండుసార్లు చెప్పి మరీ. ఇంటికి తెచ్చి చూస్తే పొడి అంటుకుని అద్దం లోపలివైపు ఇంకో బొమ్మ.