హెల్మెట్ మినహాయింపు కోరువారి దరఖాస్తు

"నా తల, నా ఇష్టం" అన్న వాదన న్యాయమైనదే. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ తలపాగా చుట్టుకున్న సిక్కులను మినహాయించింది గానీ, అప్పుడే దువ్వి జెల్ పూసిన క్రాఫును పట్టించుకోలేదు. ఇంత వివక్ష ఎక్కడైనా ఉందా?

అమెరికాలోని మిషిగన్ రాష్ట్రం ఈ బాధను 2012లోనే అర్థం చేసుకుంది. అక్కడ 21 ఏళ్లు నిండినవారు హెల్మెట్ మానేయవచ్చు. 20,000 డాలర్ల వైద్య బీమా చూపించాలి, లైసెన్సు పుచ్చుకుని రెండేళ్లయినా కావాలి, లేదంటే శిక్షణైనా పూర్తిచేసి ఉండాలి. మనవాళ్లకు మాత్రం 1,000 రూపాయల జరిమానాయే భరించరానిది. కాబట్టి బీమా సంగతి వదిలేసి, ఫారంలో వేరే గళ్లు పెడదాం.

ఒకటో గడి: "సందు చివరి దాకానే, పాల ప్యాకెట్ కోసం" అనేవారికి. వీరు భూమ్యాకర్షణ శాఖ నుంచి నిరభ్యంతర పత్రం జతచేయాలి. బండి మీద కూర్చున్నవారి తల నేలకు సుమారు మీటరున్నర ఎత్తులో ఉంటుంది. ఆగి ఉన్న బండి మీంచి పక్కకు ఒరిగినా అంత ఎత్తు నుంచి తల నేలను తాకేసరికి వేగం గంటకు 20 కిలోమీటర్లకు దగ్గరవుతుంది. స్పీడోమీటర్ మాత్రం సున్నా చూపిస్తూనే ఉంటుంది. హెల్మెట్ లోపలి థర్మకోల్ ఆ దెబ్బకు తాను నలిగి, తల ఆగడానికి ఒకటి రెండు సెంటీమీటర్ల జాగా ఇస్తుంది. అది లేకపోతే నలిగే పని పుర్రెది. పుర్రె మందం సెంటీమీటరు కూడా ఉండదు. (ఒకసారి నలిగిన థర్మకోల్ మళ్లీ ఉబ్బదు. పైన గీత కూడా పడలేదని పాతదే వాడేవారికి ఈ ఫారం అక్కర్లేదు, వారు ఇప్పటికే మినహాయింపులో ఉన్నారు.)

రెండో గడి, పాక్షిక మినహాయింపు: అద్దానికి, మోచేతికి, పెట్రోలు ట్యాంకుకు హెల్మెట్ తొడిగేవారు, బిల్డింగ్ పనుల టోపీ పెట్టుకునేవారు (అది పైనుంచి ఇటుక పడితే పనికొస్తుంది, తలే కిందికి పడితే కాదు), స్ట్రాప్ బిగించనివారు. ఈ చివరివారిది విచిత్రమైన కేసు. గడ్డం కింద రెండు వేళ్లకు మించి దూరేంత వదులుంటే, మొదటి దెబ్బకే హెల్మెట్ ఊడి తన దారిన పోతుంది. రెండో దెబ్బ తలకు.

ఆఖరి గడి: దరఖాస్తుదారు సంతకం చేయలేని స్థితిలో ఉంటే, ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టవలసినవారి పేరు, వరస, ఫోన్ నంబరు. ఈ గడి వారికి చూపించి, వారి ఎదుటే నింపాలి.