ఇరవైకి తగ్గని, యాభైకి మించని ముఖం

మనిషి ముఖానికి కొలత ఏమిటన్న సందేహం మన కాలంలో తీరిపోయింది. బ్యాంకు కొలువుల ఆన్‌లైన్ దరఖాస్తుల ప్రకారం ముఖం, అంటే ఫొటో ఫైలు, 20 కేబీలకు తగ్గరాదు, 50 కేబీలకు మించరాదు. సంతకమైతే 10కీ 20కీ మధ్య ఒదిగి ఉండాలి. పలాసలో జీడిపప్పును పౌండుకు ఎన్ని పలుకులు తూగుతాయో చూసి 240 రకం, 320 రకం అని వేరు చేస్తారు. ఆ పద్ధతి ముఖాల దాకా వచ్చినందుకు శ్రీకాకుళం జిల్లావాసులుగా మనం గర్వించాలి. తేడా ఒక్కటే. పలుకు పెద్దదైతే ధర పెరుగుతుంది, ముఖం పెద్దదైతే దరఖాస్తు పోతుంది.

మొన్న మా మేనకోడలి ముఖాన్ని తగ్గించడానికి శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ దగ్గరి నెట్ సెంటరుకు వెళ్లాం. ఫోనులో తీసిన ఫొటో 4 ఎంబీలు, అంటే దాదాపు నాలుగు వేల కేబీలుంది. అంటే ఆ పిల్ల ముఖంలో సుమారు 80 పాళ్లకు 79 పాళ్లు గుమ్మం బయట వదిలి రావాలన్నమాట. సెంటరు కుర్రాడి మొదటి దెబ్బకు 112 అయింది, చెవులు ఇంకా కనబడుతున్నాయి. రెండో దెబ్బకు 61, చెవులు ఉన్నాయని నమ్మాలి. మూడో దెబ్బకు 51. ఆ మిగిలిన ఒక్క కేబీ ఎక్కడ దాక్కుందోనని నలుగురం తెర మీదికి వంగి వెతికాం. ముక్కుపుడకలో ఉందని నా అనుమానం. జడలో ఉందని, తన పింఛను కాగితాల కోసం వరసలో నిలబడ్డ పెద్దాయన తీర్పు. "జడ తీసీమంటారా మాస్టారూ?" అని కుర్రాడు నిజంగానే అడిగాడు. నాలుగో దెబ్బకు 19కి పడిపోయింది, ముఖం చాలదని సైటు ఎర్రక్షరాలతో మండిపడింది. పొందూరులో వాలుగ చేప దవడతో పత్తి ఏకే చేతులకైనా ఇంత నాజూకు పని తగిలి ఉండదు. అయిదో దెబ్బకు 49 వచ్చేసరికి సెంటరంతా చప్పట్లు కొట్టింది. తెర మీద ఉన్నది మా పిల్లేనా అని ఆ సంబరంలో ఎవరూ అడగలేదు.

సంతకం జోలికి నేను పోను. అది ఇంగ్లిషు పెద్దబడి అక్షరాల్లో ఉంటే చెల్లదన్నది వేరే పురాణం.

ఫొటోలను ఇలా కుదించే జేపెగ్ అనే పద్ధతి 1992లో ప్రమాణంగా స్థిరపడింది. బొమ్మను ఎనిమిదికి ఎనిమిది చుక్కల గళ్లుగా విడదీసి, కన్ను అంతగా పట్టించుకోని వివరాలను వదిలేయడం దాని పని. మరీ నొక్కితే ఆ గళ్లే చెంపల మీద గచ్చు పలకల్లా తేలతాయి. ఎంత పెద్ద ఫొటో వచ్చినా తీసుకుని, రెప్పపాటులో తానే కుదించుకోగల యంత్రం దరఖాస్తు పుచ్చుకునే వారి దగ్గరే ఉంది. దానికి ఆ నాలుగు ముక్కలు నేర్పే ఓపిక లేక, ఆ చాకిరీని సీతంపేట కొండల నుంచి బస్సెక్కి వచ్చే, ఇంట్లో కంప్యూటరు లేని పిల్ల నెత్తిన పెట్టారు. ఒక రోజు కూలి, రానూపోనూ చార్జీలు, సెంటరు వాడి రుసుము, అన్నీ ఒక్క కేబీ కోసం! ఫీజు కట్టించుకునే పేజీ మాత్రం డబ్బు సైజు ఎక్కువైందని ఎవరినీ తిప్పి పంపిన పాపాన పోలేదు. ఇంత చేశాక "ఫొటో స్పష్టంగా లేనందున తిరస్కరించడమైనది" అని కబురు పంపుతారా? ఆ స్పష్టత తీసేయమన్నది ఎవరయ్యా? తీసేసేదాకా లోపలికి రానివ్వనిది ఎవరు?

మా పిల్ల అదృష్టవంతురాలు, హాల్ టికెట్ వచ్చింది. ముఖాన్ని ఫొటోతో పోల్చి చూశాకే పరీక్షకు కూర్చోనిస్తారట. ఆ 49 కేబీల అమ్మాయిని ఎక్కడి నుంచి తేవాలో తెలియక, ఇంటిల్లిపాదీ తలపట్టుకున్నాం.