తుఫానుకు తోడు ఈ దొంగలొకరు

వాన కావాలన్నప్పుడు రాదు, వద్దన్నప్పుడు వదలదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, మా నెల్లూరు వైపు నారుమళ్లన్నీ మునిగాయి. సరే, తుఫానుని ఎవరు ఆపగలరు? దొంగల్ని కూడా ఆపలేరా? రాత్రికి రాత్రి పొలంలో ట్రాన్స్‌ఫార్మర్ పడగొట్టి, ఆయిలంతా నేలపాలు చేసి, లోపలి రాగి తీగ పట్టుకుపోతారు. పొద్దున వెళ్తే ఖాళీ డబ్బా, చుట్టూ నల్లటి నూనె మడుగు. మోటారు కేబుళ్లనైతే బోరు మొదట్లోనే కోసేస్తారు. వాడికి పాతసామాన్ల కొట్లో వచ్చేదెంత? కొత్తది బిగించేదాకా నిమ్మతోట ఎండిపోతుంటే ఇంట్లో ఎవరికైనా నిద్ర పడుతుందా? ఫిర్యాదు ఇవ్వడానికి పోతే రేపు రా, ఎల్లుండి రా! అసలు ఆ రాగి కొనేవాళ్లని ఎందుకు పట్టుకోరు? కాల్చిన తీగ కట్టలు కట్టలుగా తెస్తుంటే ఎక్కడిదిరా అని ఒక్కడూ అడగడా?