పీకితే నాలుగు వందలు, నిలబెడితే ఆరున్నర వేలు

తిరుపతిలోని ఒక ప్రైవేటు దంతవైద్యశాలలో ఈమధ్య నా వంతు కోసం కూర్చున్నాను. పక్కన చంద్రగిరి వైపు పల్లె నుంచి వచ్చిన ఒక తల్లి, పదకొండేళ్ల కూతురు. పాపకు కింది దవడ పన్ను నరం దాకా పుచ్చిపోయింది. తల్లి చేతిలోని చీటీ మీద రెండే అంకెలున్నాయి. రూట్ కెనాల్ చేసి క్యాపు పెడితే 6,500 రూపాయలు, పీకేస్తే 400. “పాలపన్నే గదా సార్, ఎట్లాగూ మళ్లీ వస్తాది” అని ఆమె అడిగింది. కాదమ్మా, ఇది ఆరేళ్లప్పుడు వచ్చిన పన్ను, ఇక రాదని డాక్టరు చెప్పారు. ఆమె కాసేపు చీటీ వంకే చూసి, పీకేయమంది.

ఆమెను తప్పుపట్టడానికేమీ లేదు. ఆరేళ్ల వయసులో వచ్చే మొదటి శాశ్వత దవడ పన్ను ఏ పాలపన్నూ ఊడకుండానే, వరుస చివర, చిగురు వెనక నుంచి చడీచప్పుడు లేకుండా మొలుస్తుంది. ఊడిన పన్నును ఇంటి కప్పు మీదికి విసిరే ముచ్చట ఈ పన్నుకు ఉండదు కనుక అది వచ్చిన సంగతే ఇంట్లో ఎవరికీ తెలియదు. పైగా దాని నమిలే ముఖం మీద సన్నని లోతైన గాడులుంటాయి. బ్రష్షు కుచ్చు అందని ఆ గాడుల్లో ఇరుక్కున్న తీపిని సూక్ష్మజీవులు ఆమ్లంగా మారుస్తాయి, ఆమ్లతను కొలిచే పీహెచ్ అంకె (ఇది తగ్గేకొద్దీ ఆమ్లం పెరిగినట్టు) 5.5 కంటే కిందికి దిగినప్పుడు పంటి పైనుండే పింగాణీ పొర కరగడం మొదలవుతుంది. జీవితాంతం నమలాల్సిన పన్ను చాలామంది పిల్లలకు పదేళ్లు దాటకుండానే పుచ్చడానికి కారణం ఇదే.

పిప్పిపళ్ల నివారణ లాభమా, దండగా అన్న ప్రశ్నకు ఇతర దేశాల్లో లెక్కలు వేసి మరీ జవాబిచ్చారు. చిన్నపిల్లల చేత దగ్గరుండి పళ్లు తోమించే కార్యక్రమానికి ఒక పౌండు ఖర్చుపెడితే అయిదేళ్లలో 3.06 పౌండ్లు తిరిగి వస్తాయని ఇంగ్లండు ప్రజారోగ్య శాఖ అంచనా వేసింది. స్కాట్లాండులో నర్సరీ బడుల్లో పళ్లు తోమించే పథకాన్ని గ్లాస్గో విశ్వవిద్యాలయ పరిశోధకులు పరిశీలించి, ఎనిమిదో ఏడు వచ్చేసరికి చికిత్సల్లో మిగిలిన సొమ్ము పథకం ఖర్చుకు రెండున్నర రెట్లు దాటిందని 2015లో తేల్చారు.

ఈ అంకెలను యథాతథంగా తెచ్చి తిరుపతికో చిత్తూరుకో అతికించలేం. అక్కడ పిల్లల పంటి చికిత్స ఖర్చు ప్రభుత్వానిదే కాబట్టి, నివారణకు పెట్టిన డబ్బు ఏ ఖజానా నుంచి పోయిందో ఆ ఖజానాలోనే మిగులుతుంది. ఇక్కడ ఆ 6,500 ఆ తల్లిది. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి చికిత్సకు మామూలు ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు డబ్బివ్వవు. బడిలో పళ్లు తోమించడానికి ప్రభుత్వం ఖర్చుపెడితే లాభం పల్లెలోని ఇంటికి చేరుతుంది, బడ్జెట్ పుస్తకంలో మాత్రం ఖర్చొక్కటే కనిపిస్తుంది. మన దగ్గర నివారణ అడుగు ముందుకు పడకపోవడానికి అవగాహన లేకపోవడం కంటే ఇదే పెద్ద కారణమని నా అభిప్రాయం. 2014 నుంచి జాతీయ నోటి ఆరోగ్య కార్యక్రమం ఉన్నా, దాని పేరు విన్న తల్లిదండ్రులు నాకు ఇంతవరకు ఎదురుపడలేదు.

ఖర్చు ఎంతో లెక్క వేసి చూద్దాం. ఆరేళ్ల పిల్లకు ఒకసారికి బఠాణీ గింజంత పేస్టు చాలు, అంటే దాదాపు పావు గ్రాము. బడి నడిచే రెండు వందల రోజులకు యాభై గ్రాములు. ఏడాదికి రెండు బ్రష్షులు కలిపి, ఉదారంగానే వేసుకున్నా ఒక్కో పిల్లకు వంద రూపాయలు, అయిదేళ్లకు అయిదు వందలు. పదమూడు మంది పిల్లల్లో ఒక్కరికి ఒక్క రూట్ కెనాల్ తప్పినా పెట్టిన సొమ్ము మొత్తం వచ్చేసినట్టే.

అయితే ఈ లెక్కలో ఒక మోసం ఉంది, అది దాచిపెడితే నిజాయితీ అనిపించుకోదు. పుచ్చిన ప్రతి పన్నుకూ మన ఇళ్లలో రూట్ కెనాల్ చేయించరు. ఆ తల్లి లాగే చాలామంది పీకించేస్తారు, ఇంకొందరు నొప్పి మాత్రతో, లవంగంతో నెట్టుకొస్తారు. తప్పిన ఖర్చు 6,500 కాదు, 400 అనుకుంటే నివారణ దండగగానే తేలుతుంది. చికిత్స చేయించుకునే స్తోమత లేని చోట నివారణ వల్ల డబ్బు మిగలదన్న ఈ వింత తీర్పు, పీకాక జరిగేదానికి మనం ఖరీదు కట్టకపోవడం వల్ల వస్తున్నది. ఖాళీలోకి పక్క పన్ను ఒరుగుతుంది, పైపన్ను కిందికి దిగుతుంది, పిల్ల ఒక పక్కనే నమలడం నేర్చుకుంటుంది. సలపరంతో నిద్రలేని రాత్రులు, ఎగ్గొట్టిన బడి, తల్లి పోగొట్టుకున్న కూలి, ఇవేవీ ఆ చీటీ మీద ఉండవు.

పింగాణీ పొరను గట్టిపరిచే ఫ్లోరైడ్‌ను తాగే నీళ్లలోనే కలిపితే సరిపోతుంది కదా అనేవారున్నారు. 1945లో అమెరికాలోని గ్రాండ్ ర్యాపిడ్స్ పట్టణంలో మొదలైన ఆ పద్ధతి నిజంగానే పళ్లను కాపాడింది. కానీ ఫ్లోరైడ్ పేస్టులు ఇంటింటికీ చేరాక దాని అదనపు ప్రయోజనం బాగా తగ్గిందని, పాలపళ్లలో ఒక్కో పిల్లకు సగటున పావు పన్ను పాటి తేడాయే ఉందని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 2024లో చెప్పింది. అదీగాక మనది ఫ్లోరోసిస్, అంటే ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు, తెలిసిన నేల. దేశంలో ఆ వ్యాధిని మొదట నమోదు చేసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లాలో. ఉమ్మడి చిత్తూరు పడమటి మండలాల్లో కొన్నిచోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఇప్పటికే ఎక్కువ. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మన ప్రమాణాల్లో గరిష్ఠ పరిమితి. తిరుపతిలో కల్యాణి డ్యాం, తెలుగుగంగ నీళ్లు తాగే ఇళ్లు వేరు, వడపోసిన క్యాను నీళ్లు కొనుక్కునే ఇళ్లు వేరు. ఇంత తేడాలున్న చోట అందరికీ ఒకే మోతాదు పోయడం తెలివైన పని కాదు. పేస్టులో ఫ్లోరైడ్ ఉంటే అది పంటికి తగులుతుంది, పిల్ల ఉమ్మేస్తుంది. తోమాక పుక్కెడు నీళ్లతో కడిగేయకుండా ఊరికే ఉమ్మి వదిలేయాలి. మన అలవాటుకు ఇది పూర్తిగా ఎదురు.

ఇక తీపి. బెల్లం పంటికి మంచిదేనన్న మాటను చిత్తూరులో కాదనడానికి కాస్త గుండెధైర్యం కావాలి. బెల్లంలో ఇనుము ఉంటే ఉండవచ్చు గానీ, అది కూడా ప్రధానంగా సుక్రోజే, అంటే చక్కెరే. నోట్లోని సూక్ష్మజీవికి చెరకు తోటా, చక్కెర మిల్లూ తేడా తెలియదు. బడి భోజనంలో ఇచ్చే వేరుశనగ చిక్కీ రక్తహీనత దృష్ట్యా చాలా మంచి ఆలోచన, దాన్ని ఆపమని నేననను. కానీ బెల్లం పాకం గట్టిపడి దవడ పంటి గాడుల్లో ఎలా కూరుకుంటుందో నాలుకతో తడిమిన ఎవరికైనా తెలుసు. ఎన్ని గ్రాములు తిన్నారన్న దానికంటే ఎన్నిసార్లు తిన్నారు, ఎంతసేపు అంటిపెట్టుకుందన్నదే ఇక్కడ ముఖ్యం.

భోజనం, చిక్కీ అయ్యాక పిల్లలను కుళాయిల దగ్గర రెండు నిమిషాలు నిలబెట్టడానికి కొత్త శాఖ అవసరం లేదు. రెండో తరగతి పిల్లల ఆరేళ్ల పంటి గాడులను ఒకసారి పంటికి అంటుకునే సిమెంటు లాంటి గ్లాస్ అయానమర్‌తో పూడ్చడానికి డ్రిల్లు, కరెంటు కూడా అక్కర్లేదు. ఈ పదార్థాన్నీ, పుచ్చును ఆపే సిల్వర్ డయామైన్ ఫ్లోరైడ్‌నూ, ఫ్లోరైడ్ పేస్టునూ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. ఉపాధ్యాయులకు ఇప్పటికే గుడ్ల లెక్కల్లాంటి పనులు ఉన్నాయన్న అభ్యంతరం న్యాయమైనదే. ఆ రెండు నిమిషాల బాధ్యత వంట ఏజెన్సీ ఆయమ్మకు అప్పగించి, అందుకు తగిన గౌరవ వేతనాన్ని పేస్టు ఖర్చుతో పాటు మధ్యాహ్న భోజన పద్దులోనే ఒక వరుసగా చూపించాలి.